పండగ తేదీ ఒక్కటే కాదు, దాని లెక్క కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఈ ఏడాది, అంటే 2026లో, వినాయక చవితి సెప్టెంబరు 14, సోమవారం. తేదీలో పెద్ద చిక్కేమీ లేదు. అయినా పండగ వారం దగ్గరపడేసరికి నెల్లూరులోనూ ఒంగోలులోనూ "సామీ, చవితి 14నా, 15నా?" అని అడగడం మొదలవుతుంది. అందుకు కారణం రాశిఫలాల పక్కన రోజూ వచ్చే పంచాంగం గడి. 14వ తేదీ గడిలో "తదియ ఉ.7.06 వరకు, తదుపరి చవితి" అని ఉంటుంది. 15న "చవితి ఉ.7.44 వరకు" అని ఉంటుంది. సూర్యోదయానికి ఉన్న తిథినే ముందు వేయడం ఆనవాయితీ కాబట్టి, పైపైన చూసినవారికి 15వ తేదీ పక్కనే చవితి కనిపిస్తుంది. అది చదివేవాళ్ల తప్పు కాదు. తిథి ఎంతవరకు ఉందో గడి చెబుతోంది గానీ, ఆ పండగకు తిథి ఏ వేళకు ఉండాలో చెప్పడం లేదు. ఆ ఒక్క ముక్క చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం.

చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి అయినట్టు. చంద్రుడి నడక ఒక్కోసారి వేగం, ఒక్కోసారి నిదానం. అందుకే తిథి ఒకసారి 20 గంటలకే అయిపోతుంది, ఇంకోసారి 26 గంటలు దాటుతుంది. గడియారంలో 24 గంటల రోజుతో దానికి పొత్తు కుదరదు. ఒక్కోసారి ఒకే తిథి రెండు సూర్యోదయాలను తాకుతుంది, ఒక్కోసారి ఒక్కదాన్నీ తాకదు. అలాంటప్పుడు పండగ ఏ రోజన్నది తేల్చడానికి మన పెద్దలు ఒక్కో పండగకు ఒక్కో వేళ పెట్టారు. వినాయక చవితికి, శ్రీరామనవమికి మధ్యాహ్నం. దీపావళికి ప్రదోషం, అంటే సూర్యాస్తమయం తర్వాతి వేళ. శివరాత్రికి నిశీథం, అంటే అర్ధరాత్రి. ఉగాదికి సూర్యోదయం. రథసప్తమికి అరుణోదయం, అంటే సూర్యోదయానికి ముందు వేళ. విజయదశమికి అపరాహ్ణం. నరసింహ జయంతికి సాయంకాలం. పెంచలకోనకూ మాలకొండకూ సింగరాయకొండకూ వెళ్లే మన ప్రాంతం వాళ్లకు ఈ చివరిది మరీ ముఖ్యం. వైశాఖ శుద్ధ చతుర్దశి సూర్యాస్తమయ వేళకు ఉండాలి. పొద్దున గడిలో త్రయోదశి కనిపించిందని జయంతి మర్నాటికి జరగదు.

ఈ వేళల పేర్లు వినగానే గడియారంలో ఎన్ని గంటలో చాలామందికి తట్టదు. పగటిని, అంటే సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు ఉన్న కాలాన్ని, ఐదు భాగాలు చేస్తారు. ప్రాతఃకాలం, సంగవం, మధ్యాహ్నం, అపరాహ్ణం, సాయాహ్నం. ఒక్కో భాగం సుమారు ఆరు ఘడియలు, అంటే రెండు గంటల 24 నిమిషాలు. సెప్టెంబరు 14న నెల్లూరులో సూర్యోదయం ఆరింటికి రెండు నిమిషాలు అటూఇటూ, అస్తమయం ఆరుంబావు లోపు. ఐదు భాగాలు చేస్తే మూడోది, మధ్యాహ్నం, 10.52 ప్రాంతంలో మొదలై 1.19 ప్రాంతంలో ముగుస్తుంది. ఆ రెండున్నర గంటలూ చవితి ఉన్న రోజు 14 మాత్రమే. 15న చవితి ఏడుముప్పావుకే వెళ్లిపోతుంది కాబట్టి ఆ రోజుకు పండగ లేదు. రెండు వాక్యాల్లో తేలే విషయమిది. పూజ కూడా ఆ వేళలోనే చేసుకోవాలి. ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం ఏడింటికి పాలవెల్లి కట్టేవాళ్లు వీలు చూసుకుంటున్నారు, తప్పు పట్టను. పండగకు ఆ రోజును ఎంచిన కారణమే మధ్యాహ్నమని తెలిస్తే మాత్రం కొందరైనా ఉదయమే మొదలుపెడతారు.

పత్రి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 21 పత్రుల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. మూడూ విషమే. అంగట్లో కట్టగా అమ్మేటప్పుడు అన్నీ కలిపేస్తారు. ఇంటికి తెచ్చాక ఈ మూడింటినీ వేరే పళ్లెంలో పెట్టుకోవాలి. పిల్లలచేత పూజ చేయిస్తే పూజ కాగానే, ఉండ్రాళ్లు ముట్టుకోకముందే, చేతులు కడిగించాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. పూజయ్యాక నిర్మాల్యం గొడ్లకు వేసేవాళ్లూ ఉన్నారు. ఆ మూడూ తీసేశాకే వేయాలి. 21 దొరకలేదని వీధిలో కనిపించిన ఆకునల్లా కోసుకురావడం కంటే గరిక ఒక్కటి శుభ్రంగా కడిగి వేస్తే చాలు.

అసలైన తగవు 2023లో వచ్చింది. దృక్ గణితం ప్రకారం చవితి సెప్టెంబరు 18 మధ్యాహ్నం 12.40 ప్రాంతంలో మొదలై 19 మధ్యాహ్నం 1.40 దాటాక ముగిసింది. మధ్యాహ్న కాలం మొదటి రోజు కొంత, రెండో రోజు పూర్తిగా దొరికింది. రెండు రోజులూ తాకితే తదియతో కూడిన మొదటి రోజే తీసుకోవాలన్నది ఒక పక్షం. పూర్తిగా ఉన్న రోజే మేలన్నది ఇంకో పక్షం. పైగా పూర్వ సిద్ధాంతం పాటించే కొన్ని పంచాంగాల్లో చవితి 18 ఉదయమే వచ్చేసింది కాబట్టి వాటికి సందేహమే లేదు. మన రాష్ట్రంలో సెలవు 18న ఇచ్చారు, మహారాష్ట్రలో పండగ 19న చేశారు. టీవీలో ముంబయి గణపతిని చూసి "మనవాళ్లు తప్పు చేశారు" అనుకున్నవాళ్లు ఎంతోమంది. ఎవరూ తప్పు చేయలేదు. పంచాయతీ శాస్త్రం లోపలిదే. అది ఫలానా అని వారం ముందు పత్రికలో నాలుగు వరుసలు పడి ఉంటే ఇళ్లల్లో అంత గందరగోళం ఉండేది కాదు. పండగ ముందురోజు రాత్రి చెబితే ఉపయోగం లేదు. అప్పటికే పత్రి కొనేసి ఉంటారు, అది మర్నాటికి వడలిపోతుంది.

దృక్, పూర్వం అని రెండు మాటలు వాడాను కాబట్టి తేడా ఏమిటో చెబుతాను. పూర్వ పద్ధతికి సూర్యసిద్ధాంతం వంటి పాత గ్రంథాలు ఆధారం. "బాణవృద్ధి, రసక్షయం" అని దాని సూత్రం. 60 ఘడియల తిథి పెరిగితే ఐదు ఘడియలు, తరిగితే ఆరు. అంటే 65కు మించదు, 54కు తగ్గదు. ఆకాశంలో చంద్రుణ్ణి నేరుగా గమనించి లెక్కవేస్తే తిథి 67 ఘడియల దాకా పెరుగుతుంది, 50కి తగ్గుతుంది. అది దృక్ పద్ధతి. రెంటి మధ్య ఒక్కోసారి గంటల తేడా పడుతుంది. గ్రహణం విషయంలో పూర్వం వాళ్లూ దృక్ లెక్కే తీసుకుంటారు, కళ్లెదుట కనిపించేదాన్ని కాదనలేరు గదా. మేఘనాద్ సాహా అధ్యక్షతన కేంద్రం వేసిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. 1957 నుంచి రాష్ట్రీయ పంచాంగం దృక్ పద్ధతిలోనే వస్తోంది, తెలుగులోనూ వేస్తారు. నా మొగ్గు దృక్ వైపే. ఇంట్లో తరతరాలుగా పూర్వ పంచాంగం పాటించేవారిని మార్చుకోమనడం నా పని కాదు. అయితే మీ గడి ఏ పద్ధతిదో గడి కింద ఒక్క మాట వేస్తే చాలు. ఇప్పుడు చూడబోతే రోజువారీ గడి ఒక పద్ధతిలో, పండగ అనుబంధం ఇంకో పద్ధతిలో వస్తున్న పత్రికలూ ఉన్నాయి.

గడిలో జనాన్ని ఎక్కువగా తప్పుదారి పట్టించేది "తె." అన్న పొడి అక్షరం. మన రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. గడియారం రోజు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. 19వ తేదీ గడిలో "పాడ్యమి తె.4.52 వరకు" అని ఉంటే అది 20వ తేదీ తెల్లవారుజాము. దాన్ని 19 తెల్లవారుజాము అనుకుని, "పండగ నిద్ర లేవకముందే అయిపోయిందే" అని కంగారుపడేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. "రా.1.20" అని ఉన్నా అంతే. పక్కన బ్రాకెట్లో "20న" అని వేస్తే సరిపోతుంది. ఇంగ్లీషు తేదీలకు అలవాటుపడ్డ పిల్లలకు అదే ఆధారం.

ఈ అంకెలు నేను ఊరికే తీసుకోలేదు, మొన్నటి పరాభవ ఉగాదివే. దృక్ లెక్కలో 2026 మార్చి 19న ఫాల్గుణ అమావాస్య ఉదయం 6.52 ప్రాంతం వరకు ఉంది. నెల్లూరులో సూర్యోదయం ఆరుంబావు. అంటే సూర్యోదయానికి అమావాస్యే. పాడ్యమి ఆ తర్వాత వచ్చి, 20న సూర్యుడు రాకముందే వెళ్లిపోయింది. ఏ సూర్యోదయాన్నీ తాకని క్షయతిథి. అలాంటప్పుడు పాడ్యమి నడిచిన 19నే ఉగాది. గడిలో "అమావాస్య ఉ.6.52 వరకు" అని చూసి, అమావాస్య నాడు కొత్త సంవత్సరం ఏమిటని విసుక్కున్నవాళ్లకు ఈ సంగతి చెప్పినవారు లేరు. ఇలాంటి ఏడాది చేయాల్సిందల్లా తలస్నానం తెల్లవారుజామునే ముగించుకుని, పచ్చడి మాత్రం అమావాస్య దాటాక నైవేద్యం పెట్టడం. పచ్చడి గురించి ఒక్క మాట. పదిమందికి నిమ్మకాయంత కొత్త చింతపండు, ఒక మామిడికాయ, వంద గ్రాముల బెల్లం, గుప్పెడు వేపపూత, చిటికెడు ఉప్పు, కొద్దిగా మిరియాల పొడి. వేపపూత చివర్లో, తినబోయే ముందు కలపాలి. ముందే కలిపి గంటసేపు ఉంచితే చేదంతా రసంలోకి దిగి పిల్లలు ముట్టరు, ఆరు రుచుల్లో ఒక్కటే మిగులుతుంది.

శివరాత్రిది సరిగ్గా దీనికి ఎదురు. ఈ ఏడాది ఫిబ్రవరి 15న సూర్యోదయానికి ఉన్నది త్రయోదశి. చతుర్దశి ఆ సాయంత్రం ఐదు దాటాక వచ్చి 16 సాయంత్రం ఐదున్నర దాకా ఉంది. గడి చూస్తే చతుర్దశి 16న. అయితే అర్ధరాత్రి చతుర్దశి ఉన్నది 15 రాత్రే కాబట్టి ఉపవాసం, జాగరణ 15నే. రాత్రిని పదిహేను ముహూర్తాలుగా చేస్తే ఎనిమిదోది నిశీథం, ముప్పావు గంట పైచిలుకు. మన ప్రాంతంలో రాత్రి పన్నెండుకూ ఒంటిగంటకూ మధ్య వస్తుంది. లింగోద్భవ అభిషేకం ఆ వేళకే.

నిరుడు దీపావళి కూడా చెప్పుకోదగ్గదే. అమావాస్య 2025 అక్టోబరు 20 మధ్యాహ్నం 3.44కు వచ్చి 21 సాయంత్రం 5.54 దాకా ఉంది. నెల్లూరులో 21న సూర్యాస్తమయం సుమారు 5.47. సూర్యుడు కుంకిన తర్వాత అమావాస్య పది నిమిషాలు కూడా లేదు. 20న ప్రదోషమంతా ఉంది. అందుకే దీపాలు 20న. 21 పగలంతా అమావాస్యే కనుక పితృతర్పణాలు 21న. దీపానికో రోజు, తర్పణానికో రోజు రావడం తప్పేమీ కాదు. ఇదే అక్టోబరు 21న ముంబయిలో సూర్యుడు ఆరు దాటాక అస్తమించాడు, అంటే అక్కడ సూర్యాస్తమయానికి ముందే అమావాస్య వెళ్లిపోయింది. తిథి దేశమంతటా ఒకే క్షణంలో మారుతుంది. సూర్యోదయం, సూర్యాస్తమయం మాత్రం ఊరినిబట్టి మారతాయి.

ఫోన్ల సమస్య ఇదే. యాప్‌లో ఊరు మార్చకపోతే అది ఢిల్లీయో ఉజ్జయినో పెట్టుకుని కూర్చుంటుంది. డిసెంబరు చివర్లో నెల్లూరు సూర్యోదయానికీ ఢిల్లీ సూర్యోదయానికీ దాదాపు నలభై నిమిషాల తేడా ఉంటుంది. వర్జ్యం సంగతి అటుంచితే, రాహుకాలం, దుర్ముహూర్తం, అరుణోదయ స్నానం వేళ అన్నీ ఆ మేరకు జరిగిపోతాయి. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి యాప్ చూసి "అమ్మా, ఏకాదశి ఇవాళే" అని ఫోన్ చేస్తే, ఇక్కడి అమ్మ ఇవాళే ఉపవాసం ఉండకూడదు. వాళ్లకు వాళ్ల సూర్యోదయం, మనకు మనది. మీ జిల్లా ఎడిషన్‌లోనైనా హైదరాబాదు, విజయవాడ వేళలు మాని నెల్లూరు, ఒంగోలు సూర్యోదయాస్తమయాలు వేయాలి.

వాట్సాప్‌ది మరో తలనొప్పి. ఉత్తరాదిన నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. వాళ్ల శ్రావణం మనకన్నా పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. "శ్రావణ మొదటి సోమవారం శుభాకాంక్షలు" అని బొమ్మ వచ్చేసరికి మనకింకా ఆషాఢమే నడుస్తుంటుంది. శివరాత్రిని వాళ్లు ఫాల్గుణ మాసం అంటారు, మనం మాఘం అంటాం. రోజు మాత్రం ఒకటే. హనుమజ్జయంతి అలా కాదు, అక్కడ రోజే వేరు. వాళ్లది చైత్ర పౌర్ణమి, మన ఆంధ్రదేశంలో వైశాఖ బహుళ దశమి. ఈ రెంటి మధ్య సుమారు నలభై రోజులు. శుభాకాంక్షలు చెప్పుకోవడానికి రెండుసార్లయినా నష్టం లేదు, దీక్ష విరమణకు మాత్రం తేదీ తెలిసి ఉండాలి.

తద్దినం మాట పండగల్లో కలపకూడదు గానీ పొరపాట్లు అక్కడే ఎక్కువ. ఆబ్దికానికి చూడాల్సింది సూర్యోదయ తిథి కాదు, అపరాహ్ణానికి ఉన్న తిథి. ఒంటిగంట దాటాక మూడున్నర లోపు అనుకోండి. గడిలో "పంచమి ఉ.9.10 వరకు" అని ఉంటే ఆ రోజు తద్దినం షష్ఠిది. పంచమి తద్దినం ముందురోజే పెట్టి ఉండాలి. గోడ క్యాలెండరు చూసి బంధువులను పిలిచేసి, ఆ తర్వాత పురోహితుణ్ణి అడిగే ఇళ్లలో ఏటా ఈ తంటా ఉంటుంది.

సంక్రాంతికి తిథితో పనిలేదు, సూర్యుడితోనే పని. సూర్యుడు మకర రాశిలోకి వచ్చే క్షణం ఏటా ఆరు గంటల పైచిలుకు ఆలస్యమవుతుంది, లీపు సంవత్సరం దాన్ని మళ్లీ ముందుకు లాగుతుంది. నక్షత్రాల లెక్కన సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే సుమారు ఇరవై నిమిషాలు ఎక్కువ. అందుకే డెబ్బై ఏళ్లకు పైగా గడిచేసరికి సంక్రాంతి ఒక రోజు ఆలస్యమవుతుంది. మనవాళ్లు "సంక్రాంతి అంటే 14" అనుకునే రోజులు వెళ్లిపోతున్నాయి. 2026లో దృక్ లెక్కన సూర్యుడు మకరంలోకి వచ్చింది జనవరి 14 మధ్యాహ్నం మూడు దాటాక. పూర్వ పద్ధతిలో ఇంకా ఆలస్యం. ప్రభుత్వ సెలవుల్లో 14 భోగి, 15 సంక్రాంతి, 16 కనుమ. దృక్ పాటించిన ఇళ్లలో 13 వేకువనే భోగిమంటలు వేశారు. నెల్లూరులో కనుమ నాడు పెన్న ఒడ్డున ఏటి పండగ ఉంది కదా, గొబ్బెమ్మల్ని నీట వదలడానికి ఊరంతా అక్కడికి చేరాలి. ఇంట్లో ఏ లెక్క పట్టినా అలాంటి చోట ఊరితోపాటే పోవాలి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, నెల్లూరు మాత్రం ఏటికి కదులుతుంది.

ముక్కోటి ఏకాదశి చాంద్రమానానికీ సౌరమానానికీ మధ్య చిక్కుకున్న పండగ. ధనుర్మాసంలో వచ్చే శుక్ల ఏకాదశి అది. అందుకే 2024లో ఒక్కటీ రాలేదు, 2025లో జనవరి 10న ఒకటి, డిసెంబరు 30న ఒకటి, రెండు వచ్చాయి. "2024లో ముక్కోటి ఎందుకు లేదు?" అని రంగనాథస్వామి గుడి దగ్గర అడిగినవాళ్లకు జవాబు ఇదే.

ఈ ఏడాది పండగలన్నీ ఆలస్యంగా వస్తున్నాయన్న మాటా వినిపిస్తోంది. అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి, మే 17 నుంచి జూన్ 15 దాకా. పన్నెండు చాంద్రమాసాలు సౌర సంవత్సరం కంటే పదకొండు రోజులు తక్కువ. ఆ లోటు పేరుకుని సుమారు ముప్పైరెండు, ముప్పైమూడు నెలలకు ఒక నెల అవుతుంది, దాన్ని అధికమాసంగా కలుపుతారు. నిరుడు జులై 6న వచ్చిన తొలి ఏకాదశి ఈసారి జులై 25, ఆగస్టు 27న వచ్చిన చవితి సెప్టెంబరు 14 అయింది అందుకే. అధికమాసం కలపని హిజ్రీ లెక్కలో నడిచే మన రొట్టెల పండగ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని రుతువుల్లోనూ తిరుగుతుంది. స్వర్ణాల చెరువులో ఎండాకాలం రొట్టెలు పట్టిన తరమూ ఉంది, చలికాలం పట్టిన తరమూ ఉంది.

రాబోయేవాటిలో తర్జనభర్జన జరిగేది వరలక్ష్మీ వ్రతం మీద. శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారమని కథలో చదువుతాం. ఈసారి ఆగస్టు 28 శుక్రవారం ఉదయమే పౌర్ణమి ఉంది. కాబట్టి 21న చేయాలనేవారు కొందరు, పౌర్ణమితో కూడిన శుక్రవారమే విశేషం, 28న చేయాలనేవారు కొందరు ఉంటారు. రెండు వైపులా పంచాంగకర్తలు ఉంటారు. ఇంట్లో ఏ పంచాంగం వాడతారో అందులో ఉన్న రోజు చేసుకోవాలి. ఆ రోజు వీలుకాని ఆడవాళ్లు శ్రావణంలో మరో శుక్రవారం చేసుకోవడం మన వాడుకలో ఎప్పుడూ ఉన్నదే. 28న చంద్రగ్రహణం కూడా ఉందని భయపెట్టే సందేశాలు వస్తాయి. అది మన దేశంలో కనిపించదు. కనిపించని గ్రహణానికి పట్టు లేదు, స్నానం లేదు, వంట ఆపాల్సిన పనీ లేదు.

కాబట్టి అడిగేది ఇది. పండగ రోజు గడిలో తిథి పక్కన "మధ్యాహ్న వ్యాప్తి, ఉ.10.52 నుంచి మ.1.19" అన్నట్టు ఒక్క వరుస చాలు. తేదీ రెండుగా చీలే పండగ అయితే వారం ముందే రెండు తేదీలూ, రెంటి కారణాలూ వేయండి. ఫలానా రోజే సరైనదని తీర్పు చెప్పాల్సిన పని పత్రికకు లేదు. నవంబరు 8 ఆదివారం నరక చతుర్దశి, దీపావళి రెండూ ఒకే రోజు వస్తున్నాయి. చతుర్దశి ఆ ఉదయం పదకొండున్నర లోపే అయిపోతుంది, వెంటనే అమావాస్య. నువ్వుల నూనెతో అభ్యంగనం సూర్యోదయానికి ముందే, నెల్లూరులో ఆరింటి లోపు ముగించుకోవాలి. దీపాలు సూర్యాస్తమయం తర్వాత. ఆదివారం కదా అని తొమ్మిదింటికి లేచి నూనె రాసుకునేవాళ్లకు ఆ స్నానం దక్కదు. మీ పత్రికలో 7వ తేదీ శనివారమే ఈ వేళలు రెండూ విడివిడిగా పడాలి, ఆదివారం పత్రిక ఇంటికి చేరేసరికి మొదటిది దాటిపోతుంది.

భవదీయుడు,
ఒక పురోహితుడు,
కావలి, నెల్లూరు జిల్లా